సుబ్బి నోరు విప్పితే: బడి నాటకమూ, పిల్లల రక్షణా

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలయింది బడిపిల్లలతోనే. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తాము వ్రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని తమ విద్యార్థులచేత ఆడించారు. కచేరీలలో జరిగే మోసాలను పిల్లల నోట పలికించి పెద్దలకు వినిపించడం ఆయన ఉద్దేశం. తరువాతి కాలంలో సురభి వారు, పరిషత్తులు, పద్యనాటకాలు వచ్చి మన రంగస్థలం పెద్దల వ్యవహారమైపోయింది గాని, పుట్టుక మాత్రం పాఠశాలలోనే. బడిలో నాటకం వేసి పిల్లలకు తమ భద్రత గురించి చెప్పడం విదేశాలనుంచి దిగుమతి చేసుకున్న కొత్త పద్ధతి అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. నూటనలభై ఏళ్ళుగా తెలుగు నాటకం దోపిడికి గురైన పిల్లల గురించి మాట్లాడుతూనే ఉంది. వాళ్ళతో మాట్లాడింది మాత్రం తక్కువ. వాళ్ళచేత మాట్లాడించింది మరీ తక్కువ. ఆ సంగతే ఈ టపాలో కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

‘కన్యాశుల్కం’ చదవని తెలుగు బ్లాగరి ఉండరని నా నమ్మకం. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో మొదటి కూర్పు, 1909లో ఇప్పుడు మనం చదువుతున్న రెండవ కూర్పు అచ్చయ్యాయి. మొదటి కూర్పుకు గురజాడ ఆంగ్లంలో వ్రాసుకున్న పీఠికలో కొన్ని లెక్కలున్నాయి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో జరిగిన శుల్క వివాహాలకు ఒక జాబితా తయారు చేయించారు. అది సమగ్రం కాకపోయినా మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. వాటిలో అయిదేళ్ళకే పెళ్ళయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పసిపిల్లలు 3. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. నవ్వించే నాటకానికి ఇంత ఏడిపించే పీఠిక మరొకటి లేదేమో.

ఇప్పుడు నాటకంలోకి రండి. గిరీశం మాటలు మనకు కంఠతా వచ్చు. మధురవాణి మాటలూ వచ్చు. లుబ్ధావధాన్లు లెక్కలు, అగ్నిహోత్రావధాన్లు తిట్లు, చివరికి వెంకటేశం ఇంగ్లీషు కూడా గుర్తే. మరి సుబ్బి? ఎవరి పెళ్ళి ఆపడానికి ఇన్ని తంత్రాలు నడిచాయో, ఎవరిని అమ్మబోతున్నారో, ఆ పిల్ల నోటి మాట ఒక్కటి చెప్పమంటే మనం తడబడతాం. సుబ్బి కోసం అందరూ మాట్లాడతారు గాని సుబ్బి గొంతు మనకు దాదాపు వినిపించదు.

ఇంకొక విశేషం చూడండి. సుబ్బిని కాపాడడానికి మేనమామ కరటకశాస్త్రి ఎన్నుకున్న ఉపాయం కూడా నాటకమే. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేయించి ముసలి పెళ్ళికొడుకు పక్కన పీటలమీద కూర్చోబెడతాడు. అంటే ఒక పిల్లను తప్పించడానికి మరొక పిల్లవాణ్ణి ఆ ఇంట్లో వదిలిపెట్టాడన్నమాట. ఆ పిల్లవాడు తెలివైనవాడు కనుక బయటపడ్డాడు, మనం నవ్వుకున్నాం. ఈ కాలపు కళ్ళతో చూస్తే, పిల్లల రక్షణ కోసం వేసే నాటకంలోనే పిల్లవాడికి అపాయం పొంచి ఉండవచ్చునన్న హెచ్చరిక అక్కడ కనిపిస్తుంది. గురజాడ ఆ ఉద్దేశంతో వ్రాశారని నేననను. మనకు అలా ఉపయోగపడుతుందని మాత్రం అంటాను.

వీరేశలింగం గారి దారినే పట్టుకుని హైదరాబాదుకు వద్దాం. 1898లో మద్రాసులో సరోజినీ చట్టోపాధ్యాయకూ గోవిందరాజులు నాయుడు గారికీ బ్రహ్మసమాజ పద్ధతిలో జరిగిన వివాహంలో పంతులుగారిది ముఖ్యపాత్ర. ఆ నాయుడు దంపతుల ఇల్లే ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు వెళ్ళే దారిలో ఉన్న ‘గోల్డెన్ థ్రెషోల్డ్’. 1905లో వెలువడిన సరోజినీదేవి తొలి కవితాసంపుటి పేరే ఆ ఇంటికీ ఉంది. పద్మజానాయుడు ఆ ఇంటిని జాతికి ఇవ్వడంతో, 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలి అడుగులు అక్కడే వేసింది. తరువాత సరోజినీనాయుడు పేర వెలసిన కళల విభాగమూ ఆ ఆవరణలో నడిచింది. 2010 దశకంలో రంగస్థల కళల శాఖవారి థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ అక్కడినుంచే పనిచేస్తూ నాటకాన్ని విశ్వవిద్యాలయం గోడలు దాటించి జనంలోకి తీసుకువెళ్ళింది.

ఆ ఇంటి గుమ్మంలో నిలబడితే చుట్టుపక్కల అన్నీ బడులే. ఆబిడ్స్, చాపెల్ రోడ్డు, గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో సెయింట్ జార్జెస్, ఆల్ సెయింట్స్, స్టాన్లీ, రోజరీ, లిటిల్ ఫ్లవర్, ఆలియా వంటి పాత పాఠశాలలు కూతవేటు దూరంలో ఉంటాయి. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ రోడ్లమీద తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడుకుంటూ వేలమంది పిల్లలు ఆటోలకోసం, బస్సులకోసం నిలబడతారు. అక్కడినుంచి స్టేషను మీదుగా పబ్లిక్ గార్డెన్సు వరకు నడిస్తే జవహర్ బాలభవన్, లలితకళాతోరణం, ఇంకాస్త ముందుకు 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి, దానికి దగ్గరలోనే ఆకాశవాణి. పిల్లల చదువూ, పిల్లల ఆటపాటలూ, పెద్దల నాటకాలూ రెండు మూడు కిలోమీటర్ల దారిలో వరుసగా కూర్చుని ఉన్నాయి.

ఆకాశవాణి అన్నాక రేడియో అన్నయ్యను తలచుకోకుండా ముందుకు వెళ్ళలేం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో మొదలుపెట్టి, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చి, తరువాత హైదరాబాదుకు వచ్చి, తరాల తరబడి తెలుగు పిల్లలను మైకు ముందు నిలబెట్టారు. పిల్లల నాటకాలను పిల్లలే ఆడాలన్న పట్టుదల వారిది. పిల్లలకు సొంత గొంతు ఉంటుందని మనకు అలవాటు చేసినవారు వారు. ఆ గొంతుకు అప్పట్లో దొరికిన విషయాలు ఆటపాట, నీతి, దేశభక్తి. భయం గురించి, సిగ్గు గురించి, ఇంట్లోవాళ్ళకు చెప్పలేని విషయం గురించి మాట్లాడడం ఇంకా ముందుంది.

ఆ ముందు రోజు ఎలా వచ్చిందో మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1991 ఆగస్టులో హైదరాబాదునుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తూ కూర్చుంది. వయసు పదేళ్ళ పైమాటే గాని ఎంతో పైమాట కాదు. పక్కన అరవై ఏళ్ళ విదేశీయుడు, తాను ఆమె భర్తనన్నాడు. ఒక విమాన పరిచారిక ఆ పిల్ల దగ్గర కూర్చుని, ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. ఆ పిల్ల చెప్పింది. ఢిల్లీలో పోలీసులు అతణ్ణి పట్టుకున్నారు, దేశమంతా ఆ వార్త మారుమోగింది. గురజాడ పీఠిక వ్రాసి అప్పటికి దాదాపు నూరేళ్ళు. ముసలి వరుడు, పేద తండ్రి, బేరం అన్నీ అవే. కొత్తది ఒక్కటే: ఇక్కడ సుబ్బి నోరు విప్పింది. అడిగే మనిషి ఉండబట్టి విప్పింది. నా దృష్టిలో బడి నాటకం చేయవలసిన పని మొత్తం ఈ ఒక్క సంఘటనలో ఉంది. పిల్లకు చెప్పే ధైర్యం కావాలి, పెద్దవారికి అడిగే అలవాటు కావాలి. రెండూ ఒకేచోట కలవాలి.

ప్రపంచంలో ఈ పని ఎలా జరిగిందో కొంచెం చూద్దాం. ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో బెల్‌గ్రేడ్ థియేటరు వారు 1965లో నటులనూ ఉపాధ్యాయులనూ కలిపి బడులకు పంపారు. ‘థియేటర్ ఇన్ ఎడ్యుకేషన్’ అన్న మాట అక్కడినుంచే వ్యాపించింది. 1970లలో బ్రెజిల్ దేశీయుడు అగస్టో బోల్ ‘ఫోరం థియేటర్’ అనే పద్ధతిని రూపొందించాడు. ఒక అన్యాయం జరిగే సన్నివేశం ఆడతారు. రెండవసారి ఆడేటప్పుడు ప్రేక్షకుడు “ఆగండి” అని లేచి, బాధితుడి స్థానంలోకి వచ్చి, తానైతే ఏం చేస్తాడో చేసి చూపిస్తాడు. 1970ల చివర అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఇల్యూజన్ థియేటరు వారు ‘టచ్’ అనే నాటకాన్ని పిల్లల ముందు ఆడారు. స్పర్శలో హాయినిచ్చేది, గందరగోళపరిచేది, హింసించేది ఉంటాయని పిల్లలకు చెప్పిన తొలి నాటకాలలో అదొకటి. ఈనాడు మన బడుల్లో వినబడే ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాఠం ఆ తరం ప్రయత్నాలకు సంక్షిప్త రూపం.

సంక్షిప్తం చేయడంలో కొంత జారిపోయింది. గందరగోళపరిచే స్పర్శ అన్న మధ్య మెట్టు తీసేసి మంచి, చెడు అని రెండు గదులు కట్టేశాం. పిల్లల మనసులో ఉండే ప్రశ్న అసలు ఆ మధ్య మెట్టు మీదే ఉంటుంది. “మామయ్య మంచివాడే, నాకు బొమ్మలు కొనిపెడతాడు, మరి ఇదేమిటి?” అన్నది పిల్ల ప్రశ్న. మన వేదికమీద దుర్మార్గుడు నల్ల చొక్కా వేసుకుని, మీసం మెలేసి, చాక్లెట్టు చూపిస్తూ వస్తాడు. చూసిన పిల్ల, తన ఇంటికి అలాంటి బూచాడు రాలేదు కనుక తనకు జరుగుతున్నది ఇది కాదనుకుంటుంది.

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను అడిగారు. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్టు తేలింది. వారిలో సగానికి పైగా, 52.94 శాతం, మగపిల్లలు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, నమ్మకమైన స్థానంలో ఉన్నవారో. జరిగింది ఎవరికీ చెప్పుకోని పిల్లలే ఎక్కువమంది. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందుకే బూచాడి నాటకాలు పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ ఊరటనిస్తాయి. తప్పంతా వీధి చివర ఉందని చెప్పి ఇంటినీ బడినీ వదిలేస్తాయి కదా.

కొన్నేళ్ళ క్రితం ఒక పాఠశాలలో ఇటువంటి ప్రదర్శన చూశాను. పిల్లలు చక్కగా ఆడారు. “అరు, పరుగెత్తు, చెప్పు” అని పాటలాగా పాడారు. అందరం చప్పట్లు కొట్టాం. బయటికి వస్తుంటే నా ముందు నడుస్తున్న చిన్నపిల్ల పక్కపిల్లను అడిగింది: “చెప్పు అన్నారు కదా, ఎవరికి చెప్పాలి?” రెండవపిల్ల కాసేపు ఆలోచించి “మమ్మీకి చెప్తే కొడుతుంది” అంది. నాటకం ఆ సంభాషణ దగ్గర మొదలయి ఉండాలని నాకు అప్పుడు అనిపించింది.

చట్టం కూడా అక్కడే మొదలవుతుంది. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, పోక్సో చట్టం అమలులోకి వచ్చింది. అంతకు ముందు మగపిల్లలమీద జరిగే నేరాలకు సరైన సెక్షనే లేదు. ఈ చట్టంలోని 19వ సెక్షను ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారే కాక, జరగవచ్చునని భయపడినవారు కూడా పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు, సంస్థకు బాధ్యులైనవారయితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఈ బాధ్యత పిల్లలమీద లేదని అదే సెక్షను స్పష్టంగా చెబుతోంది. అంటే అరవడం, పరుగెత్తడం పిల్లల విధి అని చట్టం ఎక్కడా అనలేదు. విధి పెద్దలది. 2020లో వచ్చిన నియమాలు వయసుకు తగిన వ్యక్తిగత భద్రతా పాఠాలు పిల్లలకు చెప్పాలన్నాయి. మన వేదికలమీద మాత్రం పాఠమంతా పిల్లలకే, పెద్దలకు ముందు వరుస కుర్చీలూ, పుష్పగుచ్ఛాలూ.

ఇప్పుడు ఇందాకటి దారినే మళ్ళీ గుర్తుచేసుకోండి. పబ్లిక్ గార్డెన్సు ఎదురుగా హాకా భవన్ ఉంది. 2016లో పోలీసువారు అక్కడ ‘భరోసా’ కేంద్రం తెరిచారు. పిల్లలకూ స్త్రీలకూ పోలీసు సాయం, వైద్యం, మానసిక సలహా, న్యాయసాయం ఒకే కప్పు కింద అందాలని దాని ఉద్దేశం. 2018 ఏప్రిల్‌లో అక్కడే పిల్లలకు అనువైన న్యాయస్థానమూ ఏర్పాటయింది. నేరస్థుడనబడే వ్యక్తి పిల్లకు కనబడకూడదు, న్యాయవాదులు ప్రశ్నలను నేరుగా కాక న్యాయమూర్తి ద్వారానే అడగాలి, పిల్లను మాటిమాటికీ పిలిపించకూడదు అని చట్టంలో ఉన్న మాటలకు గదులూ గోడలూ కట్టిన చోటు అది. బాలభవన్‌లో పిల్లలు వేషాలు వేసుకునే చోటికీ, ఒక పిల్ల తనకు జరిగినది చెప్పుకునే చోటికీ మధ్య ఒక రోడ్డే అడ్డం. మొదటి చోట మాట నేర్పకపోతే రెండవ చోట మాట రాదు.

మాట అంటే ఇక్కడ అక్షరాలా మాటే. తెలుగుభాష గురించి ఇంతగా తలలు బద్దలు కొట్టుకునే మనం ఆలోచించవలసిన విషయమిది. శరీరంలో దాచుకునే భాగాలకు తెలుగులో రెండే రకాల మాటలు మిగిలాయి. ఒకటి తిట్టు, రెండవది వైద్యగ్రంథాల సంస్కృతం. మధ్యన ఇంటింటికీ ఒక ముద్దుపేరు ఉంటుంది గాని అది గుమ్మం దాటితే ఎవరికీ అర్థంకాదు. చేతికి, కాలికి, ముక్కుకు ఉన్నట్టు మర్యాదగా పలకగల మాట లేనప్పుడు, ఏడేళ్ళ పిల్ల టీచరుకు ఏమని చెప్పాలి? న్యాయస్థానంలో ఏమని చెప్పాలి? తిట్టుమాట అంటే చెంపమీద కొడతారు, సంస్కృతం ఆమెకు తెలియదు. చివరికి ఆమె చెప్పేది “అక్కడ”. ఆ “అక్కడ” అన్న మాటను సాక్ష్యంగా మార్చడానికి ఎందరో తిప్పలు పడాలి. నాటకం ముందుగా చేయగలిగిన ఉపకారం ఇదే. తోలుబొమ్మ చేతనో, గుడ్డబొమ్మ చేతనో ఆ మాటలను మామూలు మాటల్లాగా వేదికమీద పలికిస్తే సిగ్గు సగం పోతుంది.

నాటకాలకు నిజంగా ఫలితముందా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2015లో కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో బడుల్లో జరిగిన 24 అధ్యయనాలను, 5,802 మంది పిల్లల వివరాలను పరిశీలించారు. ఆ పాఠాలలో నాటకాలు, పాత్రధారణ, బొమ్మలాటలు, సినిమాలు వంటివన్నీ ఉన్నాయి. పిల్లల అవగాహన పెరిగింది, నెలల తరువాత కూడా నిలిచింది. పాఠం విననివారిలో వెయ్యికి నలుగురు తమకు జరిగినది బయటపెట్టగా, విన్నవారిలో వెయ్యికి పధ్నాలుగు మంది బయటపెట్టారు. అయితే నేరాలు తగ్గాయని మాత్రం నిరూపణ కాలేదు. ఈ రెండు మాటలనూ కలిపి చదువుకోవాలి. నాటకం నేరస్థుణ్ణి ఆపలేదు. పిల్ల ఒంటరితనాన్ని ఆపగలదు. ఆ వెయ్యికి అదనంగా వచ్చిన పదిమంది చెప్పినప్పుడు వినేవారు ఉన్నారా లేదా అన్నది నాటకం బయట తేలవలసిన లెక్క.

కనుక బడుల్లో నాటకం వేసేవారికి, వేయించేవారికి నావి కొన్ని మనవులు. బాధితురాలి పాత్ర పిల్లలచేత వేయించవద్దు, దుర్మార్గుడి పాత్ర అసలే వద్దు. వాటిని పెద్ద నటులకో బొమ్మలకో ఇవ్వండి. కరటకశాస్త్రి శిష్యుణ్ణి మరచిపోవద్దు. స్పర్శను వేదికమీద చూపించనక్కరలేదు, దాని తరువాత వచ్చే నిశ్శబ్దం చూపిస్తే చాలు. “నీకెప్పుడైనా ఇలా జరిగిందా?” అని నలుగురిలో ఏ పిల్లనూ అడగవద్దు. ఫోరం పద్ధతిలో పిల్లలను లేపేటప్పుడు, సుబ్బి స్థానంలోకి కాక, వినే తల్లి స్థానంలోకి, టీచరు స్థానంలోకి రమ్మనండి. “నువ్వు అమ్మవయితే ఏమంటావు?” అని అడిగితే, పెద్దలు ఏమనాలని పిల్లలు కోరుకుంటున్నారో వారే చెబుతారు. “నిన్ను నమ్ముతున్నాను, తప్పు నీది కాదు” అన్న మాట వాళ్ళ నోటినుంచే వస్తుంది. ఆ మాట వినడానికి తల్లిదండ్రులనూ, ఆయాలనూ, బస్సు డ్రైవర్లనూ కూర్చోబెట్టండి. నాటకం అయిపోగానే బృందం సామాను సర్దుకుని వెళ్ళిపోకుండా, శిక్షణ ఉన్న ఒక మనిషి సాయంత్రం దాకా ఒక గదిలో కూర్చోవాలి. 1098 అన్న అంకె గోడమీద పిల్లల కళ్ళకు అందే ఎత్తులో ఉండాలి.

ఇవన్నీ చేయడానికి కావలసినవి ఆబిడ్స్, నాంపల్లి దారిలో ఎప్పటినుంచో ఉన్నాయి. నాటకం నేర్చినవారున్నారు, బడులున్నాయి, బాలభవన్ ఉంది, భరోసా ఉంది. ఒకరి గుమ్మంనుంచి మరొకరి గుమ్మంలోకి అడుగుపెట్టాలి, అంతే. భాష విషయంలో మాత్రం మనవంతు పని మిగిలే ఉంది. పసిపిల్ల నదురు బెదురు లేకుండా పలకగలిగే మాటలు మీ ప్రాంతంలో, మీ ఇళ్ళలో ఏమైనా వాడుకలో ఉంటే చెప్పండి. ఇన్ని సాంకేతిక పదాలకు తెలుగు వెతికినవాళ్ళం, దీనికి వెతకలేమా?